వెనక్కి వెళ్లనంటున్న ట్రైలర్

నమీబియాలో ఓకాకరారా దాటాక ఒక పశువుల మకాం. వాన లేని ఏడు. పాత పికప్, దాని వెనక నీళ్ల ట్యాంకు కట్టిన ట్రైలర్; ముళ్లకంచెకీ దొడ్డికీ మధ్య సందులోంచి వెనక్కి నడిపితే పశువుల తొట్టి. స్టీరింగ్ దగ్గర కోడలు హెర్తా, పక్క సీట్లో అత్త, ట్రైలర్ వెనకాల నేల మీద మరిది ఎవాల్డ్.

"ట్రైలర్ మళ్లీ మడతపడింది వదినా! ఆపు, ఆపు, ఆపమంటుంటే!"

"ఆపాను కదా ఎవాల్డ్! బ్రేకు మీద నిలబడి ఉన్నాను ఇక్కడ."

"ముందుకెళ్లి తిన్నగా చేసుకో. మళ్లీ మొదట్నించీ."

"అత్తా, ఇది నా మాట వినడం లేదు."

"వినదు. ఈ ఇంట్లో ఎవరి మాట ఎవరు విన్నారు గనక."

"నేను కుడికి తిప్పితే అది ఎడమకి పోతోంది. ఎడమకి తిప్పితే..."

"కుడికి పోతోంది. చూస్తూనే ఉన్నాను. నీ మొగుడూ అంతే, పోయినోడు. ఎటు పొమ్మంటే అటు తప్ప అన్ని వైపులకీ పోయేవాడు."

"నవ్వించకు అత్తా, నాకు ఏడుపొస్తోంది."

"ఏడవకు. నీళ్లు ఇప్పటికే కారిపోతున్నాయి."

"ఇంకా కారుతున్నాయా? ఎవాల్డ్! ఆ పగుల్లో సబ్బు కూరాను కదా, నిలిచిందా?"

"ఏం నిలవడం వదినా, సబ్బు కరిగి నురగొస్తోంది. ఇసుక తలంటు పోసుకుంటోంది."

"దేవుడా! పొద్దున్నే వెళ్లి ఆ సర్కారు బోరు దగ్గర వరసలో నిలబడి తెచ్చిన నీళ్లు. మొన్నట్నుంచీ ఆవులు చుక్క తాగలేదు. వాసన పట్టేశాయి, విను ఎలా అరుస్తున్నాయో."

"వింటున్నాను. ఒరేయ్ ఎవాల్డ్, ఆ మచ్చల ఆవు, పొడావు, తల ఎత్తే ఉందా?"

"ఎత్తే ఉందమ్మా. పడుకునే ఉంది గానీ తల ఎత్తే ఉంది."

"అలా చూస్తూ ఉండు. తల వాలిస్తే వెంటనే చెప్పు."

"చెబుతాలే. వదినా, ఎందుకొచ్చిన గొడవ ఇదంతా? ఆ తాళం ఇలా ఇచ్చెయ్. నువ్వు దిగేలోపు తొట్టి దగ్గర పెట్టేస్తాను. ఒక్క చేత్తో."

"రెండో చెయ్యి ఏం చేస్తుందో నాకు తెలుసు."

"ఏమన్నావ్?"

"ఏం లేదు. ఎండ ఎక్కువగా ఉందన్నాను."

"వాడికి వినపడింది."

"వినపడనీ అత్తా. జీను అడిగాడు, ఇచ్చాం. ఇవాళ దాని మీదే కదా గుర్రమెక్కి వచ్చాడు. జనరేటర్ అడిగాడు, ఇచ్చాం. పైపు రెండు రోజుల్లో తెస్తానన్నాడు. ఆ పైపు ఉంటే ఇక్కణ్ణుంచే తొట్టిలోకి వదిలేద్దును, ఈ వెనక్కి నడిపే కర్మ ఉండేది కాదు."

"పైపు పొడుగ్గా ఉండేది, పాపం."

"పాపం ఎవరికి?"

"పైపుకి."

"తాళం కూడా ఇస్తే రేపు మంద ఎవరిదో తేల్చే పెద్దలొచ్చేసరికి బండి అక్కడ, మంద అక్కడ, నేను ఇక్కడ. అసలు ఇవాళే రమ్మని ఇతనికి ఎవరు చెప్పారు?"

"గాలి చెప్పి ఉంటుంది. వానొచ్చే కబురు మోయదు గానీ, ఇలాంటివన్నీ మోస్తుంది. స్టార్టు చెయ్యి."

"చేస్తున్నాను. ఎవాల్డ్, ఇప్పుడు ఎటు?"

"ఎడమ! ఎడమ కొట్టు!"

"ఎడమంటే స్టీరింగా, ట్రైలరా?"

"ఎడమంటే ఎడమ! అన్నయ్య ఎప్పుడైనా ఇన్ని ప్రశ్నలు అడిగాడా?"

"మీ అన్నయ్య నాకు ముందుకి మాత్రమే నేర్పాడు. వెనక్కి నడపడం మగాళ్ల పని, నువ్వు దిగి రాళ్లు చూడు అనేవాడు. ఈ సందులో ఎన్ని రాళ్లున్నాయో అన్నీ నాకు పేరుపేరునా తెలుసు."

"ముందు వెనక్కి తిరిగి చూడు వదినా! వెనక్కి చూడకుండా వెనక్కెవరు నడుపుతారు?"

"ఈ ఆవుకొమ్ముల తలపాగాతో ఎలా తిరగను? కొమ్ము ఒకటి తలుపుకి తగులుతోంది, ఇంకొకటి అత్త కంట్లో పొడుస్తోంది."

"తీసి పక్కన పెట్టు. ఎవరు చూడొచ్చారు?"

"మొగుడు పోయి ఏడాది తిరగలేదు. తలపాగా తీసి కూర్చున్నానని రేపు పెద్దల ముందు ఎవరు చెబుతారో?"

"నేను చెబుతానా వదినా! ఎంత మాట!"

"తీయకు అమ్మాయ్. నా కన్ను నేను చూసుకుంటాను. నువ్వు అద్దం చూడు."

"ఏ అద్దం? ఎడమ వైపుది మేక పగలగొట్టింది. అది మీ అబ్బాయి గడ్డం గీసుకునే అద్దం, గుడ్డతో కట్టాను."

"అందులోనే చూడు."

"అందులో మీ అబ్బాయి ఒక్క రోజైనా తన తప్పు చూసుకోలేదు. నేను ట్రైలర్ని చూడాలా?"

"ఉండు, వంచి పట్టుకుంటాను. కనపడుతోందా?"

"కొంచెం కిందకి. ఆఁ. ట్యాంకు అంచు కనపడుతోంది. ముళ్లకంచె కనపడుతోంది. ఎవాల్డ్ మోకాలు కనపడుతోంది."

"మోకాలు అక్కర్లేదు. రానీ."

"రా వదినా! రా, రా, రా! బోలెడు చోటుంది, రా!"

"అమ్మాయ్, ఆపు!"

"ఎవాల్డ్ రమ్మంటున్నాడు కదా?"

"వాడి చెయ్యి రమ్మంటోంది, దొడ్డి గుంజ వద్దంటోంది. నీ వైపు అద్దంలో చూడు. ట్యాంకు కొళాయికీ గుంజకీ మధ్య గడ్డిపరక పట్టదు."

"అమ్మో! కొళాయి విరిగేది! ఎవాల్డ్, చోటుందన్నావ్?"

"నాకు ఇక్కణ్ణుంచి అలా కనపడింది. నేనూ మనిషినే కదా."

"ఒరేయ్, నువ్వు ఒక్క చేత్తో పెట్టేస్తానన్నది ఇక్కడేనా?"

"నువ్వు ఊరుకో అమ్మా! నీకు స్టీరింగ్ అంటే ఏంటో తెలుసా?"

"తెలీదు. గుంజ అంటే తెలుసు."

"మళ్లీ ముందుకెళ్తున్నావా వదినా? మళ్లీనా? ఇలా ముందుకీ వెనక్కీ ఊగుతుంటే ఆవులు ఉయ్యాల అనుకుంటాయి. పెద్దలు రేపు ఏమంటారో తెలుసా? దొడ్డికి నీళ్లు పెట్టడం రాని మనిషి దగ్గర మందని ఎలా ఉంచుతారంటారు. నేను కాదు, వాళ్లంటారు."

"వాళ్లు అనకముందే నువ్వు అని చూసుకుంటున్నావా?"

"నీ మంచికే వదినా. మీ పుట్టింటికి వెళ్లిపోయి హాయిగా ఉండొచ్చు. ఈ దుమ్ములో నీకెందుకు?"

"అత్తా, విన్నావా?"

"విన్నాను."

"ఏమీ అనవే?"

"ఏమనను? వాడూ నా కొడుకే."

"అంటే నువ్వు ఎవరి వైపు?"

"నేను కిటికీ వైపు. కానియ్, తిన్నగా అయిందా లేదా?"

"అయింది. అత్తా, ఒక్క మాట. కోప్పడకు."

"చెప్పి చూడు."

"ఇంటి ముందు నుంచి వెళ్లిపోతాను. ఇలా చుట్టు తిరిగి, గడప ముందు నుంచి ముందుకే వెళ్తే నేరుగా తొట్టి పక్కకి వస్తుంది. మడత లేదు, గుంజ లేదు. ఒక్క ఊపులో."

"గడపకీ, పోయిన పెద్దల పేరిట ఆరకుండా ఉంచే నిప్పుకీ మధ్య నుంచా?"

"నీళ్లు పోతున్నాయి అత్తా! ఆ పోయిన పెద్దలూ పశువుల్ని సాకినవాళ్లే కదా. అర్థం చేసుకోరా?"

"వదినా! ఏంటి నేను వింటున్నది? పెద్దల నిప్పు ముందు నుంచి చక్రం దొర్లిస్తావా? నాన్న దొర్లించలేదు, అన్నయ్య దొర్లించలేదు! ఆ ఒక్క పని చేశావంటే రేపు మాట్లాడాల్సింది కూడా ఉండదు. ఇవాళే సర్దుకోవచ్చు."

"అరవకురా. నేనుండగా ఆ దారిన చక్రం కదలదు. విన్నావుగా అమ్మాయ్, కదలదు."

"అయితే ఆవులు చావనీ అంటావా?"

"పొడావు తల ఎత్తే ఉందిరా?"

"ఎత్తే ఉంది. అమ్మా, నీ కోడి ఆ నిప్పు దగ్గరికి పోతోంది, తోలు."

"కాలితే అదే వస్తుంది. నువ్వు ఆవుని చూడు."

"బిందెలతో మోద్దామా అత్తా? నువ్వొకటి, నేనొకటి."

"నువ్వూ నేనూ రెండు బిందెలు మోసేసరికి మిగతాది నేల తాగేస్తుంది. నేలకి దాహం తీరదు, వాడిలాగే."

"మళ్లీ ఆ పెద్దల నిప్పు బూడిద వైపు చూస్తున్నావు. పొద్దుట్నుంచీ అటే చూపు."

"నా కళ్లు, నా ఇష్టం."

"ఇవాళ పొగ కూడా లేదు."

"పచ్చి కట్టె ఎక్కడుంది ఈ ఏడు, పొగ రావడానికి? బండి నడుపు."

"నడుపుతున్నాను. ఎవాల్డ్, కుడికేనా?"

"కుడికి! ఇంకా! ఇంకా కొట్టు! ఇంకా!"

"అయ్యో... అయ్యో, మళ్లీ! అత్తా, మళ్లీ మడత! ఇంజను కూడా ఆగిపోయింది."

"స్టార్టు చెయ్యి."

"చెయ్యను."

"అమ్మాయ్."

"చెయ్యను అత్తా. నా వల్ల కాదు. ఆయనకి జ్వరమొచ్చిన రాత్రి ఓకాకరారా ఆసుపత్రి దాకా ముందుకే నడిపాను, గోతులన్నీ దాటించాను. ముందుకి నడపాలంటే లోకం చివరిదాకా నడుపుతాను. ఈ వెనక్కి... ఇది నాది కాదు. ఎవాల్డ్! ఇలా రా. తాళం తీసుకో."

"వస్తున్నా వదినా, వస్తున్నా! మంచి పని చేశావ్."

"చెప్పు అత్తా, ఇచ్చెయ్యనా?"

"నీ చెయ్యి. నీ తాళం."

"వద్దనవే?"

"నేను వద్దన్న పనులు ఈ ఇంట్లో ఎన్ని ఆగాయి?"

"కనీసం ఏడువు అత్తా. నా ఒక్కదానివల్ల కావడం లేదు, ఏడవడం కూడా."

"రేపు ఏడుస్తాను. ఇవాళ అద్దం పట్టుకోవాలి."

"ఇలా ఇవ్వు వదినా. ఎందుకా మొహం? ఇందులో సిగ్గేముంది? నీళ్లు పెట్టేస్తాను, ఆవులు తాగుతాయి, అందరం హాయిగా ఉంటాం. ఆ తర్వాత బండి మా ఇంటి దగ్గర పెడతాలే."

"ఎక్కడ?"

"మా ఇంటి దగ్గర. అక్కడ నీడ ఉంది కదా. ఈ ఎండలో టైర్లు పాడైపోతాయి."

"నీడ."

"మంచి నీడ వదినా. జనరేటర్ కూడా అక్కడే ఉంది."

"చెయ్యి తియ్యి ఎవాల్డ్."

"ఏంటి?"

"కిటికీలోంచి చెయ్యి తియ్యి. అద్దం ఎత్తుతున్నాను, వేళ్లు నలుగుతాయి."

"ఇప్పుడే కదా ఇస్తానన్నావ్!"

"ఇప్పుడే కదా నీడ అన్నావ్. పో, పొడావు దగ్గర నిలబడు. ట్రైలర్ వెనక వద్దు, అస్సలు కనపడకు. నువ్వు చెయ్యి ఊపితే నేను నీ చేతిని చూస్తున్నాను, ట్రైలర్ని చూడటం లేదు."

"అమ్మా, చూశావా ఎలా మాట్లాడుతోందో?"

"ఆవు దగ్గరికి పోరా. తల చూస్తూ ఉండు."

"అద్దం పట్టుకో అత్తా."

"పట్టుకునే ఉన్నాను. స్టీరింగ్ మీంచి చెయ్యి కిందకి జారిపోయింది నీది, పైన పట్టుకో."

"ఎత్తే ఓపిక లేదు. ఒళ్లో ఉండనీ, ఈ గౌను కుచ్చిళ్ల మీద. స్టీరింగ్ కింది అంచు పట్టుకుని ఇక్కణ్ణుంచే తిప్పుతాను. స్టార్టయింది. ముందు కాస్త ముందుకెళ్తాను."

"వెళ్లు."

"ఎవాల్డ్ నవ్వుతాడు."

"నవ్వనీ. ఎడ్లబండి తోలేటప్పుడు మా అయ్య ఎన్నిసార్లు ముందుకెళ్లేవాడో. ఎవరూ లెక్క రాసుకోలేదు."

"తిన్నగా అయింది. ఇప్పుడు వెనక్కి. మెల్లగా, చీమ నడిచినట్టు... అత్తా!"

"ఏమైంది?"

"కింద ఉన్న చెయ్యి ఎడమకి జరిపాను. ట్రైలర్ తోక ఎడమకే వెళ్లింది."

"అయితే?"

"అయితే ఏంటి? ఎడమకి అంటే ఎడమకే వెళ్లింది! ఉండు, కుడికి జరుపుతాను. చూడు, కుడికే! చెయ్యి కిందుంటే ఇది నా మాట వింటోంది!"

"పైన పట్టుకుని పెత్తనం చేస్తే వినలేదు. ఒళ్లో చెయ్యి పెట్టుకుంటే వింటోంది. అచ్చం నీ పోయినోడే. కంచె దగ్గరపడుతోంది, చూసుకో."

"చూశాను. కొంచెం కుడికి. చాలు. వెంటనే చెయ్యి మళ్లీ మధ్యకి తెచ్చెయ్యాలి, లేకపోతే మడతే. అదిగో, తిన్నగా పోతోంది. ఇంకా కొంచెం ఎడమ... ఛ, ఎక్కువైంది."

"ముందుకెళ్తావా?"

"వెళ్తాను. ఎందుకు వెళ్లను? నా బండి, నా ఇసుక. ఎవాల్డ్! మళ్లీ ముందుకెళ్తున్నాను, నవ్వుకో!"

"నేనేం నవ్వడం లేదు వదినా..."

"గుంజ ఎలా ఉంది నీ వైపు?"

"దూరం. నీ వైపు?"

"కంచె ముల్లు ఒకటి ట్యాంకుని ముద్దు పెట్టుకుని వదిలేసింది. ఫరవాలేదు. తొట్టి కనపడుతోంది. దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికి. ఇంకా... చాలు!"

"ఆపాను. అత్తా, ఆపాను. కొళాయి?"

"తొట్టి మీదే ఉంది. దిగి తిప్పు. నిలబడి చూస్తావేం, తిప్పవే!"

"ఎవాల్డ్, దొడ్డి అడ్డకర్రలు తియ్యి! అన్నీ ఒక్కసారి కాదు, దూడల తల్లుల్ని ముందు వదులు! పొడావుకి నేను బిందెతో తెస్తున్నాను!"

"తీస్తున్నా, తీస్తున్నా. వదినా, నీళ్లు సగం కన్నా తక్కువే ఉన్నాయి."

"ఇవాళ్టికి గొంతు తడుస్తాయి. రేపు మళ్లీ వెళ్తాను. ట్యాంకు పగులుకి తారు పూస్తాను. తాగవే తల్లీ, తాగు. మెల్లగా. అత్తా, తాగుతోంది! లేస్తోంది చూడు, మోకాళ్ల మీద లేస్తోంది!"

"చూస్తున్నాను. ఒరేయ్ ఎవాల్డ్, గుర్రం దగ్గరికి ఎక్కడికి?"

"పనుందమ్మా."

"ఉంటుంది. రేపు పెద్దలు నిన్నే అడుగుతారు, నువ్వు ఇవాళ గుర్రమెక్కి ఇటు రావడం ఊరంతా చూసింది. వదిన నీళ్లబండిని వెనక్కి నడిపిందా అంటే ఏం చెబుతావ్?"

"ఏదో ఒకటి చెబుతాలే."

"వినపడలేదు. నాకు చెవుడు."

"నడిపిందని చెబుతాను."

"ఎవరి సాయంతో?"

"ఎవరి సాయం... నేను ఆవు దగ్గర నిలబడ్డాను కదా."

"అంతే చెప్పు. వెళ్లు. ఆ జీను రేపు తిరిగి తెచ్చెయ్, పైపుతో పాటు."

"వెళ్లాడా అత్తా?"

"వెళ్లాడు. రా, కూర్చో. ఈ పుల్లటి పాలు తాగు."

"సగం ట్యాంకు నేలపాలైంది. ఆ నిప్పే లేకపోతే ఇంటి ముందు నుంచి తిప్పేసి, పొద్దున్నే అన్నిటికీ నిండుగా పెట్టేసేదాన్ని. పెద్దల్ని అనడం లేదు. ఊరికే అంటున్నాను."

"ఆ కోడి ఎక్కడుందో చూడు."

"ఏ కోడి? అయ్యో, పెద్దల నిప్పులో పడుకుంది! బూడిదలో పొర్లుతోంది! కాలిపోతుంది, ఉష్, ఉష్!"

"ఇందాకట్నుంచీ పొర్లుతోంది. కాలిందా?"

"లేదు. అంటే... చల్లగా ఉందా? నిప్పు ఆరిపోయిందా అత్తా?"

"నేను బతికుండగా ఎందుకు ఆరుతుంది? నా మంచం కింద కుండలో ఉంది, రోజూలాగే రాత్రి లోపలికి తెచ్చుకున్నది తెచ్చుకున్నట్టే. పొద్దున బయటికి తీసుకెళ్లలేదు, అంతే. నిప్పు బయట లేని పూట అది ఉత్త ఇసుక. మా మావగారి రోజుల్లో అలాంటి పూట చూసుకునే ఎడ్లబండిని ఆ దారిన తోలేవాళ్లు. ఎవాల్డ్‌గాడు ఒక్కసారైనా తెల్లవారుజామున లేచి చూసి ఉంటే వాడికీ తెలిసేది."

"అంటే దారి... పొద్దుట్నుంచీ దారి తెరిచే ఉందా?"

"తెరిచే ఉంది."

"పొడావు చచ్చిపోయేది అత్తా!"

"తల వాలిస్తే చెప్పేసేదాన్ని. మరి వాణ్ణి అన్నిసార్లు అడిగింది ఎందుకనుకున్నావ్?"

"అయితే నాకు ముందే ఎందుకు చెప్పలేదు? తాళం వాడి చేతిలో పెట్టబోయాను, అప్పుడైనా ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ముందుకే నడిపేదానివి కదే. ముందుకి నడపడం నీకొచ్చని వాడికి ముందే తెలుసు. దానికైతే నిన్న కబురు పెట్టి మరీ వాణ్ణి పిలిపిస్తానా?"